డ్రైవర్ దొరకలేదు

రాత్రి పదకొండున్నరకి
వేడినీళ్ల గొట్టం మీద మూడు దెబ్బలు.
పై అంతస్తు నుంచి నతేలా స్పానరుతో కొట్టిందంటే
కొత్త బిల్డు దిగిందని అర్థం,
దిగి, దేన్నో మింగిందని అర్థం.

ఇంటి చెప్పులతోనే మెట్లెక్కాను.
కుతాయిసిలో వారం నుంచి వాన.
వంతెన కింద రియోని గొంతు చించుకుంటోంది.
ఆవిడ గదిలో మాత్రం చడీచప్పుడూ లేదు.
పియానోలు శ్రుతి చేసే మనిషి గది
అంత ఊరకుండటం నేనెప్పుడూ వినలేదు.

"బద్రీ, దీనికి నోరు పడిపోయింది.
తెర మీద ఏముందో చదువు."

నాకు తెలిసిన తెర ఒక్కటే:
వాన, వైపర్లు, అద్దానికవతల రిక్కోతి కనుమ మలుపులు.
ఇరవై రెండేళ్లుగా పద్దెనిమిది సీట్ల వ్యాను తోలుతున్నాను.
అయినా కళ్లజోడు తుడుచుకుని చదివాను:
పసుపుపచ్చ ముక్కోణం, లోపల ఆశ్చర్యార్థకం.
ధ్వని పరికరం. డ్రైవర్ దొరకలేదు.

"ఇదిగో, వచ్చానుగా" అన్నాను.
నవ్వలేదావిడ.
నవ్వింది తర్వాతెప్పుడో,
నేను మౌస్‌ని బల్ల అంచు దాటించి కింద పడేసినప్పుడు.

జనం చేతికింకా రాని పచ్చి సరుకిది.
ఎక్కడివాళ్లో పదిహేను రోజులకోసారి వండి
ఉప్పు చూసి చెప్పమంటారు, ఈవిడ చూస్తుంది.
పోయినసారి బ్రెయిలీ ప్రింటర్‌కి పూనకమొచ్చి
తెల్లారేదాకా ఒకటే అక్షరం పొడిచింది,
నూటపద్నాలుగు కాగితాలు.
వాటిని పారెయ్యలేదు, కిటికీ సందుల్లో కుక్కింది చలిగాలికి.
అంతకుముందు శ్రుతి కొలిచే సాఫ్ట్‌వేర్
పెళ్లివారింట్లో అలిగిన మేనమామలా
తెరిచిన ప్రతిసారీ మొహమ్మీదే తలుపేసుకుంది.

పాత డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో ఉందట, దారం కట్టి, సొరుగులో.
ఆవిడ చెబుతుంది. నేను నొక్కుతాను.
"కింది బాణం నాలుగుసార్లు. ఎంటర్. ఏమంటోంది?"
"సంతకం చెల్లదంటోంది."
హమ్మయ్య, ఇది నాకు తెలిసిన భాషే.
చెక్‌పోస్ట్ దగ్గర కాగితాలు తిరగేసి
పెదవి విరిచే కొత్త కుర్ర ఇన్‌స్పెక్టరన్నమాట,
పాతవాడైతే మొహం చూసి వదిలేసేవాడు.
"పక్కదారి ఉంది, చెబుతాను పట్టించు" అంది.

రీస్టార్ట్.
నల్లతెర. తెల్లచుక్కలు గుండ్రంగా.
"తిరుగుతున్నాయా?"
"తిరుగుతున్నాయి."
"ఇప్పుడు?"
"ఇంకా."
"ఇప్పుడు?"

ఆగలేక అడిగాను:
పాతదానికే వెళ్లిపోకూడదూ, అది మాట్లాడేది కదా.
పచ్చి అక్రోటు మురబ్బా గిన్నె
చెంచా కదలకుండా నా ముందుకి జరిపి అంది:
"ఇవాళ మూగబోయింది నా ఒక్కదానికి.
నేను చెప్పకపోతే, విడుదలయ్యాక
ఒకే పొద్దున మూగబోతుంది
గోరీలో ఎవడికో, జుగ్దీదీలో ఎవత్తెకో.
వాళ్ల కింద అంతస్తులో
గొట్టం చప్పుడికి లేచేవాడు ఉంటాడో లేదో."
తర్వాత, "చల్లారకముందే టీ తాగు."

ఒంటిగంట దాటాక స్పీకర్లో ఒక గురక.
గురకలోంచి గొంతు.
చెత్తబుట్ట, అంది. చెత్తబుట్ట ఖాళీ, అంది.
లాటరీ తగిలినట్టు చప్పట్లు కొట్టాను.
ఆవిడ మాత్రం తల ఓరగా వంచి
గోడ పక్కకి నడిచి, పియానో మీద ఒక మెట్టు నొక్కింది.
మళ్లీ గొంతు. మళ్లీ మెట్టు.
"అర స్వరం కిందికుంది. రాయి."

రాశాను, రెండు వేళ్లతో, నిద్రమత్తులో:
గొంతు వచ్చింది. అర స్వరం కిందికి వచ్చింది.
డ్రైవర్ వివరాలు, అని ఒక గడి.
అక్కడ కాసేపు ఆగాను.
"నీ పేరు వేసేవు, వెర్షన్ నంబరు వెయ్యి" అంది,
నా చేతుల్ని చూసినట్టే.

ఆరింటికి తిబ్లిసీ ట్రిప్పు.
వానలో తాళం తిప్పితే
ఇంజను కాస్త కింది స్థాయిలో పలికింది.
నిన్నటిదాకా ఇలాగే ఉందా?
వెనక ఎవరో తలుపు లాగి వేశారు.